సన్నటి గొట్టానికి అవతల ఎవరున్నారు?

గాజు పళ్ళెంలో రెండు రకాల కణాలు పక్కపక్కనే పెరుగుతున్నాయి అనుకోండి. ఒకటి న్యూరాన్, అంటే నాడీకణం. రెండోది మైక్రోగ్లియా, మెదడులోనే కాపురముండే రోగనిరోధక కణం. న్యూరాన్ లోపల, పార్కిన్సన్స్ జబ్బులో కనబడే ఆల్ఫా సిన్యూక్లీన్ అనే ప్రొటీన్ గడ్డకట్టి పేరుకుపోయింది. ఆ గడ్డలు మెరిసి కనబడేలా ముందే వాటికి రంగు అంటించారు. మైక్రోస్కోప్‌లో చూస్తే రెండు కణాల మధ్య సాలెపోగు లాంటి దారం ఒకటి కనిపిస్తుంది. అది పళ్ళెం అడుగును ఎక్కడా తాకదు. రెండు స్తంభాల మధ్య లాగి కట్టిన తీగలా, చుట్టూ ఉన్న ద్రవంలో వేలాడుతూ ఉంటుంది. కాసేపు అలాగే చూస్తే ఆ దారంలో ఒకచోట చిన్న ఉబ్బు కనబడుతుంది, పాము గొంతులో గుడ్డు జారుతున్నట్టు. ఆ ఉబ్బు న్యూరాన్ వైపు నుంచి మైక్రోగ్లియా వైపు మెల్లగా జరుగుతుంది. లోపల ఉన్నది రంగు అంటించిన ప్రొటీన్ గడ్డ.

ఎదురు దిశలో ఇంకో ఉబ్బు వస్తుంది. ఇది మైక్రోగ్లియా నుంచి న్యూరాన్‌కి. ఇందులో ఉన్నది మైటోకాండ్రియా, కణానికి కావలసిన శక్తిని తయారుచేసే భాగం.

ఆ దారం నిజానికి ఒక గొట్టం. దాని పేరు టన్నెలింగ్ నానోట్యూబ్. నానోట్యూబ్ అనగానే చాలామందికి కార్బన్‌తో చేసే గొట్టాలు గుర్తొస్తాయి. వాటికీ వీటికీ ఏ సంబంధమూ లేదు. ఇవి కణాలు తమ పొరతోనే, తమంతట తామే సాగదీసుకునే దారులు. ఒక న్యూరాన్ తనలోని చెత్తను ఇంకో కణానికి అప్పగించి, బదులుగా శక్తిని అందుకుంటుందన్న సంగతి తెలిసి పట్టుమని పదేళ్ళు కూడా కాలేదు. పార్కిన్సన్స్, ఆల్జీమర్స్ లాంటి జబ్బులను అర్థం చేసుకునే తీరే దీనితో మారవచ్చు. అందుకే ఈ గొట్టం ఎలా పుడుతుంది, దానిలో ఏది ఎటు పోతుంది, ఈ విషయంలో ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి నిదానంగా చూడటం అవసరం.

కబురు పంపడం వేరు, చేతికి అందించడం వేరు

నాడీ వ్యవస్థకీ రోగనిరోధక వ్యవస్థకీ మధ్య మాటామంతీ నడుస్తుందన్నది పాత సంగతే. ఆరోగ్యంగా ఉన్న న్యూరాన్ ఫ్రాక్టల్‌కైన్, సీడీ200 లాంటి ప్రొటీన్లను చూపిస్తుంది. వాటిని అందుకునే రిసెప్టర్లు మైక్రోగ్లియా మీద ఉంటాయి. "నేను బాగానే ఉన్నాను, నువ్వు రెచ్చిపోనక్కర్లేదు" అన్నది ఆ సంకేతం. న్యూరాన్‌కి దెబ్బ తగిలితే ఏటీపీ, అంటే కణం ఇంధనంలా వాడుకునే అణువు, బయటికి కారుతుంది. మైక్రోగ్లియా ఆ వాసన పట్టినట్టుగా తన చేతులను అటు చాపుతుంది. 2005లో బతికున్న ఎలుకల మెదడును సూక్ష్మంగా చిత్రీకరించినప్పుడు, మైక్రోగ్లియా కొమ్మలు ఒక్క క్షణం కూడా ఊరుకోకుండా చుట్టుపక్కలంతా తడుముతూ ఉంటాయని తేలింది. 2020లో బుడాపెస్ట్ పరిశోధకులు ఇంకో విషయం చూపించారు. మైక్రోగ్లియా కొమ్మలు న్యూరాన్ ఒంటి మీద ప్రత్యేకమైన చోట్ల ఆని ఉంటాయి. న్యూరాన్ లోపలి మైటోకాండ్రియా సరిగ్గా ఆ చోట్లకే వచ్చి గుమిగూడతాయి.

ఇవన్నీ కబుర్లు. ఒక కణం ఏదో ఒక అణువును బయటికి వదులుతుంది, ఇంకో కణం దాన్ని పసిగడుతుంది. కణాల సరిహద్దులు మాత్రం చెక్కుచెదరవు. నానోట్యూబ్‌లో జరిగేది వేరు. అక్కడ సరుకే ఒక కణం లోపలి నుంచి ఇంకో కణం లోపలికి నేరుగా వెళ్తుంది. ఇల్లు కాలిపోతోందని పక్కింటికి ఫోన్ చేయడానికీ, రెండిళ్ళ మధ్య గోడలో తలుపు తెరిచి సామాను అందించడానికీ ఉన్నంత తేడా ఇది.

ఈ గొట్టాల గురించి మొదటి స్పష్టమైన వర్ణన 2004లో వచ్చింది. జర్మనీలో హాన్స్-హెర్మన్ గెర్డెస్ బృందం, ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి తీసిన పీసీ12 అనే కణాల మధ్య వీటిని చూసింది. మందం 50 నుంచి 200 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో ఇలాంటివి కొన్ని వందలు పక్కపక్కన పడతాయి. పొడవు మాత్రం కొన్ని కణాల వెడల్పు దాకా ఉండొచ్చు. అదే ఏడాది లండన్‌లో డేనియల్ డేవిస్ బృందం రోగనిరోధక కణాల మధ్య ఇలాంటి దారాలను వర్ణించింది. మరుసటి ఏడాది పిట్స్‌బర్గ్‌లో మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు అనే రోగనిరోధక కణాల మీద చేసిన ప్రయోగంలో, ఒక కణాన్ని కదిపితే దానితో గొట్టంతో ముడిపడి ఉన్న కణాల్లో కొద్ది సెకన్లలోనే కాల్షియం అల ఎగసింది. కణాలు అంత దూరాన ఉన్నా ఆ ప్రకంపన అందింది.

ఇన్నేళ్ళ పాటు ఎవరికీ కనబడకుండా ఎలా ఉన్నాయి అన్న ప్రశ్న రావడం సహజం. కారణం వాటి సున్నితత్వం. మామూలు మైక్రోస్కోప్ విడదీసి చూపగలిగే హద్దు సుమారు 200 నానోమీటర్లు. ఈ గొట్టాలు ఆ అంచున, దానికి కిందే ఉంటాయి. పైగా పళ్ళేన్ని కొంచెం గట్టిగా కదిపినా, కణాలను కడిగినా, కదలకుండా బిగించే రసాయనం పోసినా తెగిపోతాయి. ఎక్కువసేపు వెలుగు పడినా అంతే. కణాలను చక్కగా శుభ్రం చేసి చూసే ప్రతిసారీ, చూడాల్సినదే కొట్టుకుపోయేదన్నమాట.

పాత తగువుకి కొత్త మలుపు

మెదడు విషయంలో ఈ మాట వినగానే 19వ శతాబ్దపు తగువు ఒకటి గుర్తొస్తుంది. ఇటలీకి చెందిన కమిలో గోల్జీ మెదడంతా తెగని ఒకే వల అన్నాడు. స్పెయిన్‌కి చెందిన శాంటియాగో రామోన్ ఇ కహాల్ అది కాదు, ప్రతి న్యూరానూ విడి కణమే అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. బహుమతి పంచుకున్నా అభిప్రాయం మాత్రం పంచుకోలేదు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, రెండు న్యూరాన్లు కలిసే సినాప్స్ దగ్గర సుమారు 20 నానోమీటర్ల ఖాళీ ఉందని చూపించడంతో కహాల్ మాట నెగ్గింది.

నానోట్యూబులు వచ్చి కహాల్‌ని ఓడించాయని కొందరు రాస్తుంటారు. నాకు అది ఒప్పుదల కాదు. న్యూరాన్ విడి కణమే. మెదడు సంకేతాలు సినాప్స్‌ల మీదే నడుస్తాయి. ఈ గొట్టాలు శాశ్వతమైన వల కావు, నిమిషాల నుంచి గంటల దాకా ఉండి పోయే తాత్కాలిక వంతెనలు. కాకపోతే "విడి కణం" అన్న మాటకు మనం ఇచ్చుకున్న అర్థం మరీ బిగుతుగా ఉందని అవి చెబుతున్నాయి. అవసరం పడితే కణం తన గోడ తెరుస్తుంది. మొక్కల కణాల మధ్య ప్లాస్మోడెస్మాటా అనే ఇలాంటి దారులు ఉన్నాయని 19వ శతాబ్దంలోనే తెలుసు. జంతుకణాలకు ఆ అవకాశం లేదని మనమే అనుకున్నాం.

గొట్టం పుట్టే తీరు రెండు రకాలు. ఒక కణం సన్నటి వేలు లాంటిది చాపి అవతలి కణాన్ని అందుకోవడం ఒకటి. ఆనుకుని ఉన్న రెండు కణాలు దూరం జరుగుతుంటే మధ్యలో జిగురులా పొర సాగి మిగలడం ఇంకొకటి. రెండింటిలోనూ లోపల వెన్నెముకలా నిలిచేది ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు. సరుకును ఆ పోగుల మీద మయోసిన్ లాంటి మోటార్ ప్రొటీన్లు లాక్కుపోతాయని భావిస్తున్నారు. 2019లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యారా జుర్జోలో బృందం, నాడీకణాల రకానికి చెందిన కణాలను అతిచల్లదనంతో గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసింది. మామూలుగా ఒకే గొట్టంలా కనబడేది చాలాచోట్ల ఇంకా సన్నటి గొట్టాల కట్ట అని తేలింది. వాటిని అక్కడక్కడా సన్నటి పోగులు కలిపి కట్టి ఉంచుతున్నాయి. కొన్ని గొట్టాల చివర తెరిచి ఉండటం కూడా కంటపడింది. ఈ చివరి సంగతి చాలా ముఖ్యం. చివర మూసి ఉంటే అది తడిమి చూసే వేలు మాత్రమే. తెరిచి ఉంటేనే దారి.

ఏ కణం గొట్టం చాపుతుందన్నది మరీ ఆసక్తికరం. చాలా ప్రయోగాల్లో కష్టంలో ఉన్న కణమే ముందు చెయ్యి చాపింది. పీసీ12 కణాలకు అతినీలలోహిత కిరణాలు తగిలించి చావు అంచుకు తెచ్చినప్పుడు, అవి పక్కనున్న ఆరోగ్యమైన కణాల వైపు గొట్టాలు వేశాయి. అటు నుంచి మంచి మైటోకాండ్రియా వచ్చి చేరితే కోలుకున్నాయి. ఇచ్చే కణంలోని మైటోకాండ్రియానే ముందుగా పాడుచేసి ఉంచితే కోలుకోలేదు. గొట్టం ఉండటం ఒక్కటే చాలదు, అందులో ఏమొచ్చిందన్నదే ప్రాణం నిలిపిందని దీని అర్థం.

మైక్రోగ్లియా చేసే ఉపకారం

ఇప్పుడు అసలు విషయం. మైక్రోగ్లియా మెదడుకి కాపలాదారు, పాకీపనివారు రెండూ. 1919లో పియో దెల్ రియో-హోర్తెగా వీటిని విడి రకంగా గుర్తించాడు. ఇవి న్యూరాన్ల వంశానివి కావు. పిండం తొలి దశలో పచ్చసొన సంచిలో పుట్టి, మెదడు తయారవుతుండగానే వచ్చి అక్కడ స్థిరపడిపోయే రోగనిరోధక కణాలు. చచ్చిన కణాలు, సూక్ష్మజీవులు, పనికిరాని ప్రొటీన్లు దేన్నైనా మింగి అరిగించుకోవడం వీటి వృత్తి.

న్యూరాన్‌కి ఆ సదుపాయం తక్కువ. శరీరంలో విభజన చెందే కణాలకు ఒక వెసులుబాటు ఉంది. రెండుగా చీలిన ప్రతిసారీ లోపలి చెత్త కూడా సగం సగం పంచుకుపోతుంది. న్యూరాన్ విభజన చెందదు. పుట్టినప్పటి నుంచి మనిషితో పాటే డెబ్భై ఎనభై ఏళ్ళు బతకాలి. లోపల తప్పుగా మడతపడిన ప్రొటీన్ ఒకటి చేరితే అక్కడే ఉంటుంది, ఇంకోదాన్ని తనలా మడతపెడుతుంది. చెత్తను కరిగించే లైసోజోమ్‌లలోకి పంపినా, గట్టిపడిన పోగులు వాటి గోడలనే దెబ్బతీస్తాయి. ఈ లోపు మైటోకాండ్రియా కుంటుపడతాయి. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు మొత్తం శక్తిలో సుమారు 20 శాతం ఖర్చు చేస్తుంది. అలాంటి చోట మైటోకాండ్రియా దెబ్బతినడం అంటే కణానికి ఊపిరి ఆడకపోవడమే.

2021లో జర్మనీలోని బాన్‌లో మైఖేల్ హెనేకా బృందం ముందుగా మైక్రోగ్లియా తమలో తాము ఏం చేస్తాయో చూసింది. ఒక మైక్రోగ్లియాకి మోయలేనంత ఆల్ఫా సిన్యూక్లీన్ పోగులు తినిపించారు. అది అరిగించుకోలేక అవస్థపడుతూ, చుట్టూ ఉన్న ఖాళీ మైక్రోగ్లియాల వైపు గొట్టాలు వేసింది. గడ్డలు వాటికి పంచింది. ఖాళీగా ఉన్న కణాలు భారం పంచుకోవడంతో ఆగలేదు, తమ మైటోకాండ్రియాను ఎదురు పంపాయి. బరువెక్కిన కణంలో వాపును రేపే సంకేతాలు తగ్గాయి, చావు తగ్గింది. నలుగురూ కలిసి బండరాయిని ముక్కలు చేసి తలా ఒకటి మోసినట్టు, గడ్డ త్వరగా కరిగిపోయింది.

మరి న్యూరాన్ సంగతి? 2023లో జుర్జోలో బృందం మనిషి నాడీకణాల రకానికి చెందిన కణాలనూ మైక్రోగ్లియా రకం కణాలనూ కలిపి పెంచింది. గొట్టాలు ఏర్పడ్డాయి. గడ్డలతో నిండిన నాడీకణాలు వాటిని మైక్రోగ్లియాకి ఎక్కువగా పంపాయి, అటు నుంచి ఇటు రావడం తక్కువ. మైక్రోగ్లియా వాటిని న్యూరాన్ల కన్నా బాగా కరిగించింది. మైటోకాండ్రియా మాత్రం అటూ ఇటూ నడిచాయి. అప్పటికి లక్సెంబర్గ్ వెళ్ళిన హెనేకా బృందం 2024లో ఇంకో అడుగు వేసింది. ఆల్ఫా సిన్యూక్లీన్‌తో పాటు ఆల్జీమర్స్‌లో పేరుకునే టౌ అనే ప్రొటీన్‌ని కూడా మైక్రోగ్లియా ఇదే దారిలో న్యూరాన్ల నుంచి తీసుకోవడం చూపించింది. మైక్రోగ్లియా నుంచి మైటోకాండ్రియా అందిన న్యూరాన్లలో ఆక్సీకరణ ఒత్తిడి తగ్గింది. అస్తవ్యస్తమైన జన్యువుల పనితీరు మామూలు స్థితి వైపు మళ్ళింది.

ఇందులో నన్ను అన్నింటికన్నా ఆపి ఆలోచింపజేసేది ఒకటుంది. మైక్రోగ్లియాకి తెలిసిన పాత పద్ధతి మింగడం. చెత్త నిండిన న్యూరాన్‌ని మొత్తంగా మింగేస్తే చెత్త పోతుంది, న్యూరానూ పోతుంది. మళ్ళీ మొలవదు. గొట్టం ద్వారా చేసే పనిలో మైక్రోగ్లియా చెత్తను మాత్రమే లాక్కుంటుంది, న్యూరాన్‌ని బతకనిస్తుంది. ఇల్లు కూల్చకుండా లోపల పేరుకున్న మట్టిని ఎత్తిపోయడం లాంటిది. మన రోగనిరోధక వ్యవస్థ అంటే శత్రువును చంపే సైన్యం అని బడిలో నేర్చుకుంటాం. ఈ గొట్టం దగ్గర అదే వ్యవస్థ నర్సు పని చేస్తోంది.

ఈ నర్సు పని అందరిలోనూ ఒకేలా సాగదు. పార్కిన్సన్స్‌తో ముడిపడిన జన్యువుల్లో ఎల్ఆర్ఆర్‌కే2 ఒకటి. అందులో బాగా తెలిసిన ఒక మార్పు ఉన్న మైక్రోగ్లియా గొట్టాల ద్వారా పంచుకోవడంలో వెనకబడ్డాయి. ఆల్జీమర్స్ ముప్పును పెంచే ట్రెమ్2 జన్యువులో తేడా ఉన్నప్పుడు కూడా ఈ పని దెబ్బతింది. ఈ రెండు జన్యువులనూ శాస్త్రవేత్తలు వేరే దారుల్లో, వేరే కారణాలతో, మనుషుల వంశవృక్షాలు, జన్యువులు గాలించి పట్టుకున్నారు. గొట్టాల ఊసే లేకుండా. ఇప్పుడు అవే పేర్లు గొట్టం దగ్గర మళ్ళీ ఎదురవడం యాదృచ్ఛికం అని కొట్టేయడం కష్టం. న్యూరాన్ చచ్చిపోయే జబ్బుకు మూలం కొంతవరకు న్యూరాన్‌లో కాక, దాని భారం పంచుకోవాల్సిన కణంలో ఉండవచ్చు.

అదే దారిలో వచ్చే ఆపద

ఇంత చదివాక గొట్టాలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదనిపిస్తుంది. తొందరపడకూడదు. చరిత్రలో ఈ గొట్టాల మీద మెదడు శాస్త్రవేత్తల దృష్టి పడింది ఉపకారం వల్ల కాదు.

2009లో జుర్జోలో బృందమే ప్రియాన్లు ఈ దారిని దొంగదారిగా వాడుకుంటాయని చూపించింది. ప్రియాన్ అంటే తప్పుగా మడతపడి, పక్కనున్న మంచి ప్రొటీన్‌ని కూడా అలాగే మడతపెట్టే ప్రొటీన్. పిచ్చి ఆవు జబ్బుకు, మనుషుల్లో క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ జబ్బుకు మూలం అదే. జబ్బు పశువు మాంసం తింటే ప్రియాన్లు పేగుల్లోకి వెళ్తాయి. పేగుల్లోంచి నరాల్లోకి ఎలా ఎక్కుతాయన్నది పెద్ద చిక్కుప్రశ్న. ఆ ప్రయోగంలో డెండ్రిటిక్ కణాలు, అంటే బయటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ తడిమి చూసే రోగనిరోధక కణాలు, గొట్టాల ద్వారా ప్రియాన్లను న్యూరాన్లకు అందించాయి. చూడండి, ఇక్కడ కూడా రెండు చివర్లలో ఉన్నవి రోగనిరోధక కణం, నాడీకణమే. సరుకు పోయిన దిశ మాత్రం తిరగబడింది. మైక్రోగ్లియా విషయంలో ప్రాణం పోసిన ఏర్పాటే ఇక్కడ ప్రాణం తీసే జబ్బుకు తలుపు తెరిచింది.

2016లో అదే బృందం ఆల్ఫా సిన్యూక్లీన్ పోగులు ఒక న్యూరాన్ నుంచి ఇంకో న్యూరాన్‌కి లైసోజోమ్‌లలో కూర్చుని ప్రయాణం చేస్తాయని చూపించింది. పార్కిన్సన్స్ మెదడులో ఒకచోట మొదలై మెల్లగా పాకుతుందన్న అనుమానం అప్పటికే బలంగా ఉంది. 2008లో వచ్చిన నివేదికలు దానికి ఊతం. పార్కిన్సన్స్ రోగుల మెదడులో అమర్చిన లేత న్యూరాన్లలో, పదేళ్ళు దాటిన తర్వాత, జబ్బు గుర్తులైన ల్యూయీ గడ్డలు కనిపించాయి. కొత్త కణాలకు అంత తొందరగా ముసలితనపు జబ్బు రావడానికి చుట్టుపక్కల కణాలే అంటించి ఉండాలి. అంటించే దారుల్లో నానోట్యూబ్ ఒకటి కావచ్చు.

వైరస్‌లు కూడా ఊరుకోలేదు. 2008లో హెచ్‌ఐవీ, టీ కణాలనే రోగనిరోధక కణాల మధ్య నానోట్యూబుల మీదుగా పాకడం కనబడింది. 2022లో కోవిడ్ వైరస్, తాను మామూలుగా దూరే ఏసీఈ2 అనే ద్వారం లేని నాడీకణాల రకం కణాల్లోకి, పక్కనున్న సోకిన కణాల నుంచి గొట్టాల ద్వారా చేరడం చూశారు. దాదాపు అదే సమయంలో రొమ్ము క్యాన్సర్ కణాలు రోగనిరోధక టీ కణాల్లోంచి మైటోకాండ్రియాను గొట్టాలతో లాగేసుకుని, వాటిని నీరసపెట్టి తాము బలపడటం బయటపడింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గొట్టం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే అర్థం లేనిదని నా అభిప్రాయం. అడగాల్సింది అవతలి చివర ఎవరున్నారని. గడ్డను అందుకున్నది అరిగించుకోగల మైక్రోగ్లియా అయితే అది వైద్యం. అందుకున్నది అరిగించుకోలేని ఇంకో న్యూరాన్ అయితే అది వ్యాప్తి. గొట్టం అదే, గడ్డ అదే, ఇచ్చిన కణం అదే. అందుకున్న కణం శక్తిని బట్టే దాని పేరు మారుతోంది. పత్రికల్లో ఒక నెల "నానోట్యూబులు మెదడును కాపాడుతున్నాయి" అని, మరో నెల "నానోట్యూబులు జబ్బును వ్యాపింపజేస్తున్నాయి" అని రావడం చూసి పాఠకులు గందరగోళపడతారు. రెండూ నిజమే. ప్రతి వార్తలోనూ అందుకున్న కణం ఏదో వెతికితే చిక్కు చాలావరకు విడిపోతుంది.

గొట్టమేనని ఎలా చెప్పగలం?

ఇక్కడ ఒక నిజాయితీ అవసరం. కణాలకు సరుకు పంపడానికి వేరే దారులు కూడా ఉన్నాయి. ఎక్సోసోమ్‌లు అనే సూక్ష్మ తిత్తుల్లో కట్టి బయటికి వదలవచ్చు. విడిగా కక్కేయవచ్చు. రంగు అంటించిన గడ్డ ఇంకో కణంలో కనబడినంత మాత్రాన అది గొట్టంలోంచే వచ్చిందని అనలేం.

అందుకని ప్రయోగశాలల్లో ఒక పరీక్ష పెడతారు. రెండు రకాల కణాలను రెండు అంతస్తులుగా పెంచి మధ్యలో జల్లెడ లాంటి సన్నటి పొర పెడతారు. రంధ్రాలు సాధారణంగా 0.4 మైక్రోమీటర్లు. తిత్తులూ, ద్రవంలో కరిగిన ప్రొటీన్లూ ఆ రంధ్రాల్లోంచి హాయిగా దిగుతాయి. కణాలు మాత్రం ఒకదాన్నొకటి తాకలేవు. జల్లెడ ఉన్నప్పుడు బదిలీ బాగా పడిపోయి, జల్లెడ లేకుండా కలిపి పెంచినప్పుడు పెరిగితే, తాకిడి అవసరమైన దారి ఏదో ఉందని అర్థం. ఇంకో పరీక్షలో ఒక పళ్ళెంలోని ద్రవాన్ని మాత్రమే తీసి రెండో పళ్ళెంలో పోస్తారు. ద్రవంతో పెద్దగా బదిలీ జరగకపోతే తిత్తుల పాత్ర తక్కువని తేలుతుంది. ఇవి రెండూ అనుమానితుల్లో కొందరిని తప్పించే పరీక్షలే. గొట్టమే నేరస్థుడని పట్టిచ్చేవి కావు. చివరికి కళ్ళతో చూడాలి, గొట్టంలో సరుకు ఉండగా చిత్రం తీయాలి.

అసలు ఇబ్బంది ఇంకొకటి. ఈ గొట్టాన్ని మాత్రమే గుర్తుపట్టే ప్రొటీన్ చిహ్నం ఇప్పటిదాకా దొరకలేదు. గొట్టాన్ని మాత్రమే ఆపే మందు కూడా లేదు. ఆక్టిన్‌ని దెబ్బతీసే రసాయనాలు పోస్తే గొట్టాలు ఆగుతాయి. కానీ మైక్రోగ్లియా మింగడానికీ, పాకడానికీ వాడేది కూడా ఆ ఆక్టినే. గొట్టం ఆగడం వల్ల ఫలితం మారిందా, మింగడం ఆగడం వల్ల మారిందా అన్నది తేల్చడం కష్టం. ఎం-సెక్ అనే ప్రొటీన్ గొట్టాలు వేయడానికి కావాలని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. అదీ అన్ని రకాల కణాల్లో ఒకేలా పనిచేయదు.

పైన చెప్పిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం పళ్ళెంలో జరిగినవే. మెదడులో కణాల మధ్య ఖాళీ చాలా తక్కువ. లక్షల కొమ్మలు చిక్కగా అల్లుకుని ఉంటాయి. ద్రవంలో వేలాడే తీగ అన్న బొమ్మ అక్కడ కుదరదు. అయినా ఆశ పెంచే సంగతులు వస్తున్నాయి. 2020లో మాంట్రియల్ పరిశోధకులు బతికున్న ఎలుకల రెటీనాలో, రక్తనాళాలను చుట్టి ఉండే పెరిసైట్ కణాల మధ్య నానోట్యూబులు ఉన్నాయనీ, రక్తప్రవాహాన్ని సర్దడంలో వాటికి పాత్ర ఉందనీ చూపించారు. 2025లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పని, న్యూరాన్లకు ఉండే డెండ్రైట్లు అనే కొమ్మల మధ్య కూడా ఆక్టిన్‌తో నిండిన సన్నటి గొట్టాలు ఉన్నాయనీ, ఆల్జీమర్స్‌తో ముడిపడిన అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్ వాటిలో ప్రయాణిస్తుందనీ చెప్పింది. నాడీకణజాలంలో గొట్టాలు ఉండగలవన్న దానికి ఇవి సాక్ష్యం. మైక్రోగ్లియా, న్యూరాన్ మధ్య జరిగే మార్పిడికి బతికున్న మెదడులో ఇంత గట్టి చిత్రం రావాల్సి ఉంది.

గొట్టం లేకుండా కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుందని మరిచిపోకూడదు. 2016లో ఎలుకల్లో పక్షవాతం తర్వాత ఆస్ట్రోసైట్లు, అంటే మెదడులో న్యూరాన్లకు సాయంగా ఉండే కణాలు, మైటోకాండ్రియాను బయటికి వదిలితే న్యూరాన్లు వాటిని అందుకున్నాయి. 2022లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు, వాపు వల్ల వచ్చిన నొప్పి తగ్గేటప్పుడు మాక్రోఫేజ్‌లు నొప్పి న్యూరాన్ల దగ్గరికి చేరి తిత్తుల్లో మైటోకాండ్రియాను అందిస్తాయని చూపించారు. రోగనిరోధక కణం న్యూరాన్‌కి శక్తి అప్పు ఇవ్వడం పెద్ద వ్యవహారం. నానోట్యూబ్ దానికి ఉన్న దారుల్లో ఒకటి.

మందు సంగతికొస్తే

ఈ గొట్టాలను ఆపే మందు కనిపెడితే పార్కిన్సన్స్ పాకడం ఆగుతుందని మొదట్లో చాలామంది ఆశపడ్డారు. ఇప్పుడు ఆ ఆశ అంత తేలిగ్గా లేదు. అన్ని గొట్టాలనూ మూసేస్తే న్యూరాన్ నుంచి న్యూరాన్‌కి పోయే గడ్డలు ఆగుతాయి, న్యూరాన్ నుంచి మైక్రోగ్లియాకి పోయే గడ్డలూ ఆగుతాయి. అన్నీ తెరిచేస్తే రెండూ పెరుగుతాయి. నాకు ఎక్కువ అర్థవంతంగా కనబడే దారి వేరు. గొట్టాన్ని వదిలేసి, అందుకునే కణాన్ని బలపరచడం. మైక్రోగ్లియా లైసోజోమ్‌లు చురుగ్గా ఉంటే, దాని మైటోకాండ్రియా ఆరోగ్యంగా ఉంటే, వచ్చిన గడ్డ అక్కడే కరిగిపోతుంది. ఎల్ఆర్ఆర్‌కే2 పనిని తగ్గించే మందులు ఇప్పటికే పార్కిన్సన్స్ కోసం మనుషుల మీద పరీక్షలో ఉన్నాయి. వాటి ఫలితాలను న్యూరాన్ వైపు నుంచే కాక మైక్రోగ్లియా వైపు నుంచి కూడా చూడాలి.

వయసు ఇందులో పెద్ద చిక్కు. ఈ జబ్బులు ముదిరేది ముసలితనంలో. ప్రయోగాల్లో వాడే మైక్రోగ్లియా తరచుగా పుట్టిన కొద్దిరోజుల ఎలుక పిల్లలవి. డెబ్భై ఏళ్ళ మెదడులోని మైక్రోగ్లియా ఏళ్ళ తరబడి చెత్త మింగి, తన కడుపే నిండిపోయి ఉంటుంది. అలాంటి కణానికి న్యూరాన్ గొట్టం చాపితే ఏం జరుగుతుంది? అది గడ్డను తీసుకుని ఖాళీగా ఉన్న తోటి మైక్రోగ్లియాకి అందిస్తుందా, లేక తన దగ్గరున్నదాన్నే ఎదురు తోస్తుందా? దీన్ని తేల్చాలంటే ముసలి జంతువు మెదడులో, న్యూరాన్ లోపలి గడ్డకు ఒక రంగు, మైక్రోగ్లియా మైటోకాండ్రియాకు ఇంకో రంగు అంటించి, కణాలు బతికి ఉండగానే, ఒకే గొట్టాన్ని అది పుట్టినప్పటి నుంచి తెగేదాకా కనిపెట్టి ఉండాలి. ఎంతసేపు నిలిచింది, ఎన్ని ఉబ్బులు అటు పోయాయి, ఎన్ని ఇటు వచ్చాయి, తెగిన మర్నాటికి ఏ వైపు కణం బతికి ఉంది అన్నవి లెక్క కట్టాలి.